భవనాలలో ఇంధన పొదుపు నియమావళి – అమలులో పురపాలక సంస్థల పాత్ర

వేసవి ఆరంభమైతే పట్టణాలలో విద్యుత్ వినియోగం ఒక్కసారిగా పెరుగుతుంది. అందులో గణనీయమైన భాగం కార్యాలయాలు, ఆసుపత్రులు, హోటళ్ళు, వాణిజ్య సముదాయాలలోని ఏసీలకు, దీపాలకు వ్యయమవుతున్నది. ఏసీ యంత్రం పాతబడితే మార్చవచ్చును. పడమటి ముఖాన నిలిపిన గాజు గోడను, ఉష్ణ నిరోధక పొర లేకుండా వేసిన పైకప్పును మాత్రం భవనం ఉన్నంతకాలం భరించవలసిందే. అందుచేతనే పొదుపు చర్యలు నిర్మాణ అనుమతి దశలోనే మొదలు కావలసి ఉన్నది.

పార్లమెంటు 2001లో ఇంధన పొదుపు చట్టాన్ని ఆమోదించింది. ఆ చట్టం కింద ఇంధన సామర్థ్య సంస్థ (బి.ఇ.ఇ.) 2002 మార్చి 1న ఏర్పాటైనది. 2007 మే నెలలో ఇంధన పొదుపు భవన నియమావళి (ఇ.సి.బి.సి.) విడుదలైనది. తొలుత 500 కిలోవాట్ల కనెక్టెడ్ లోడు గల వాణిజ్య భవనాలకు ఉద్దేశించిన ఈ నియమావళి పరిధి 2010 చట్ట సవరణతో 100 కిలోవాట్ల లోడు లేదా 120 కె.వి.ఎ. కాంట్రాక్టు డిమాండుకు విస్తరించింది. 2017లో దీనిని సమూలంగా సవరించారు.

అయితే కేంద్రం నియమావళి ప్రకటించినంత మాత్రాన ఏ పట్టణంలోనూ అది అమలులోకి రాదు. స్థానిక వాతావరణానికి అనుగుణంగా దానిని మార్చి, నోటిఫై చేసే అధికారం చట్టంలోని 15వ సెక్షను ద్వారా రాష్ట్రాలకు లభించింది. హైదరాబాద్ మిశ్రమ వాతావరణ మండలంలోనూ, విశాఖపట్నం ఉష్ణ – ఆర్ద్ర మండలంలోనూ ఉన్నవి. గోడ, పైకప్పు, గాజు కొలతలు రెండు నగరాలకూ ఒకే విధంగా సరిపడవు. నియమావళి కోరేవన్నీ మనకు కొత్తవి కూడా కావు. కిటికీకి సజ్జ, ఇంటి ముందు వసారా మన పెద్దలు ఏ ఉత్తర్వూ లేకుండానే కట్టుకున్నారు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2014 జనవరిలో ఈ నియమావళిని భవన నిర్మాణ నిబంధనలతో అనుసంధానించింది. 1,000 చదరపు మీటర్ల స్థలం లేదా 2,000 చదరపు మీటర్ల నిర్మిత విస్తీర్ణం గల వాణిజ్య భవనాలను దీని పరిధిలోకి తెచ్చింది. అదే సంవత్సరం జూన్ 2న రాష్ట్ర విభజన జరిగిన పిదప తెలంగాణలో అమలు విధానం రూపొందించుటలో హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ సాంకేతిక సహకారం అందించింది.

పురపాలక సంస్థల పట్టణ ప్రణాళికా సిబ్బంది స్థలం చుట్టూ విడిచిన ఖాళీని, అంతస్తుల సంఖ్యను, రోడ్డు వెడల్పును కొలవగలరు. గాజు ఎంత సూర్యతాపాన్ని లోనికి రానిస్తుందో లెక్కించుట వారి నిత్యకృత్యం కాదు. ఈ లోటు పూరించుటకే మూడవ పక్ష మదింపుదారుల పద్ధతి వచ్చింది. జాబితాలో నమోదైన నిపుణుడు అనుమతికి ముందు నమూనా పత్రాలను, నిర్మాణం పూర్తయిన పిదప భవనాన్ని పరిశీలించి నివేదిక ఇస్తాడు. అతని రుసుము యజమానియే చెల్లిస్తాడు కనుక, ఆ నివేదికలలో కొన్నింటినైనా స్థానిక సంస్థ స్వయంగా తనిఖీ చేయుట సముచితం.

అసలు చిక్కు అనుమతి తరువాతనే వస్తుంది. పత్రాలలో చూపిన గాజు ధర ఎక్కువని మరొకటి అమర్చుట, పైకప్పు పొరను మానివేయుట వంటివి పూర్తయిన భవనంలో కంటికి కనిపించవు. అందువలన ఆయా పనులు కప్పబడక ముందే తీసిన ఛాయాచిత్రాలు, కొనుగోలు రసీదులు, తయారీదారుల పరీక్షా పత్రాలు భద్రపరచవలసి ఉంటుంది.

ఆక్యుపెన్సీ సర్టిఫికెట్టే స్థానిక సంస్థ చేతిలోని బలమైన ఆయుధం. 2012 భవన నిబంధనల ప్రకారం నిర్మిత విస్తీర్ణంలో 10 శాతం ఈ సర్టిఫికెట్టు పొందేవరకు అనుమతినిచ్చే సంస్థకు హామీగా ఉండాలి. అది లేని భవనానికి క్రమబద్ధమైన విద్యుత్, నీటి కనెక్షన్లు ఇవ్వరాదు. లేదా మూడు రెట్ల రుసుము వసూలు చేయవచ్చును. అద్దెదారులు ఎదురుచూస్తున్న యజమానికి జరిమానా కన్న ఈ జాప్యమే భారం. ఆంధ్రప్రదేశ్‌లో ఆ నిబంధనల స్థానంలో 2017లో కొత్తవి వచ్చాయి.

2022లో చేసిన చట్ట సవరణ 2023 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. ఇది నివాస భవనాలను కూడా పరిధిలోకి తెచ్చి, లోడు పరిమితిని ఇంకను తగ్గించే వెసులుబాటును రాష్ట్రాలకు కల్పించింది. సుస్థిర నిర్మాణ అంశాలను జోడించిన నూతన నియమావళి 2024లో వెలువడింది. దీనినీ రాష్ట్రాలు స్థానిక నిబంధనలలో చేర్చుకొనవలసి ఉండగా, పెద్ద అపార్ట్‌మెంట్ల పత్రాలు కూడా ఆ పట్టణ ప్రణాళికా విభాగాల బల్లల మీదికే చేరుతాయి.