ఊరు దాటని రాగి, సముద్రం దాటిన వెండి

జుమా రోజు సూరా కహఫ్ తిలావత్ చేసేవాళ్లకు ఈ ఖిస్సా కొత్త కాదు. గుహలో ఏళ్ల తరబడి నిద్రపోయి లేచిన యువకులు, తమలో ఒకరి చేతికి వెండి సిక్కా ఇచ్చి అన్నం తెమ్మని నగరానికి పంపుతారు. బజార్‌లో ఆ సిక్కా చూసే అసలు సంగతి బయటపడిందని తఫ్సీర్లలో రివాయత్ ఉంది. వాళ్లు ఏ రాజుకు భయపడి పారిపోయారో, అతన్ని ముఫస్సిర్లు దఖ్యానూస్ అన్నారు. రోమన్ చరిత్రలో అతను క్రీ.శ. 249 నుంచి 251 దాకా ఏలిన డెసియస్. నగరం పేరు అఫ్సూస్ అని ఒక మాట. అంటే ఇవాళ్టి తుర్కియేలో శిథిలాలుగా మిగిలిన ఎఫెసస్.

మదరసాలో ఈ ఖిస్సా విన్నరోజు నాకొక సవాల్ పుట్టింది. కాలం మారింది కాబట్టి ఆ సిక్కా పట్టుబడింది, సరే. కాలం మారకపోయినా, దాన్ని ఇంకో ఊరి బజార్‌కు తీసుకెళ్తే చెల్లేదా?

జవాబు లోహాన్ని బట్టి ఉంటుంది. రోమన్ సల్తనత్‌లో రెండు రకాల నాణేలుండేవి. ఒకటి చక్రవర్తి పేరిట అంతటా నడిచే బంగారు ఆరియస్, వెండి దీనారియస్. రెండోది స్థానిక నాణెం. ముఖ్యంగా తూర్పు ప్రాంతాల్లో వందలాది నగరాలు తమ టంకశాలల్లో తామే రాగి, కంచు నాణేలు కొట్టుకునేవి. ఒకవైపు చక్రవర్తి ముఖం, రెండోవైపు ఆ ఊరి గుడో, దేవతో. అక్షరాలు ఎక్కువగా గ్రీకు. ఎఫెసస్ నాణేలపై అర్తెమిస్ దేవత కనిపిస్తుంది. సీరత్ చదివినవాళ్లకు బుస్రా పేరు తెలుసు. హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం చిన్నతనంలో అబూ తాలిబ్ ఖాఫిలాతో వెళ్లారని చెప్పే షామ్ పట్టణం అదే. ఆ బుస్రాకూ రోమన్ల కాలంలో సొంత నాణేలుండేవి.

ఈ రాగి బిళ్లల ఖరీదు వాటి లోహంలో లేదు, ఆ ఊరివాళ్ల ఇత్తెఫాక్‌లో ఉంది. మన బజార్‌లో దీన్ని రొట్టెకు తీసుకుంటాం అని అందరూ ఒప్పుకుంటేనే అది డబ్బు. ఊరి పొలిమేర దాటితే ఆ ఒప్పందం పలచబడుతుంది. అందుకే తవ్వకాల్లో ఒక పట్టణపు రాగి నాణేలు ఎక్కువగా ఆ పట్టణంలోనూ, చుట్టుపక్కల ఊళ్లలోనూ దొరుకుతాయి. అంతాకియా లాంటి పెద్ద నగరాలది వేరే సంగతి. దాని రాగి షామ్ అంతటా తిరిగింది.

మిస్ర్‌లో కట్టడి ఇంకా గట్టిది. అక్కడ అలెగ్జాండ్రియాలో కొట్టిన నాణెమే చెల్లుబాటు. పేరుకు వెండి, కలిపింది చాలావరకు రాగి. బయటి దీనారియస్ లోపల దాదాపు కనిపించదు, లోపలి నాణెం బయట నడవదు. ఈ రివాజు రోమన్లకు ముందు నుంచీ ఉంది. క్రీ.పూ. 258లో అక్కడి టంకశాల చూసే దెమెత్రియస్ అనే అధికారి పైఅధికారికి రాసిన ఉత్తరం పాపిరస్ మీద మిగిలింది. విదేశీ వ్యాపారులు తమ బంగారు నాణేలు తెచ్చి కొత్తవి కొట్టివ్వమంటున్నారని, తీసుకోకపోతే కోపగించుకుంటున్నారని అందులో మొర. నిజాం కాలం చూసిన పెద్దలకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. రియాసత్‌లో హాలీ సిక్కా, బయట అంగ్రేజీ కల్దార్. నూరు కల్దార్ కావాలంటే నూటపదహారు పైచిలుకు హాలీ లెక్కపెట్టాల్సిందే.

మరి రాగి ఎప్పుడూ దూరం పోలేదా? పోయింది. ఫురాత్ నది ఒడ్డున, నేటి సిరియాలో, దురా యూరోపస్ అనే ఫౌజీ పట్టణం ఉండేది. యేల్ విశ్వవిద్యాలయం, ఫ్రెంచ్ పండితులు కలిసి 1928 నుంచి 1937 దాకా తవ్వితే సుమారు 14 వేల నాణేలు బయటపడ్డాయి. వాటిలో నల్లసముద్రం వైపున్న అమాసియా, నియోసిజేరియా నగరాల రాగి కూడా ఉంది. అమాసియా నుంచి దురాకు 700 కిలోమీటర్లకు పైమాటే. ఏ తాజిర్ రాగి చిల్లర కోసం అంత దూరం మోయడు. పార్థియన్ల మీద యుద్ధానికి కదిలిన సిపాయిల సంచుల్లో అది వచ్చిందని చరిత్రకారుల అభిప్రాయం. బైతుల్ ముఖద్దస్‌లో మకాం వేసిన పదో లీజియన్ పాత నాణేల మీద అడవిపంది, ఓడ గుర్తులు అచ్చుకొట్టి మళ్లీ నడిపింది. అంటే రాగి కదిలిన చోట, దాని వెనుక ఒక మనిషి కదిలాడు.

వెండి నడక వేరు. మన నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన దఫీనాలో 1,500కు పైగా రోమన్ దీనారియస్‌లు ఉన్నాయి. ఎక్కువ భాగం ఆగస్టస్, టైబీరియస్ చక్రవర్తులవి. మన దేశానికి ఎక్కువగా వచ్చిన వాళ్ల నాణేలను కొట్టిన టంకశాల నేటి ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఉండేది. నేరుగా గీత గీసినా నల్లగొండకు 7 వేల కిలోమీటర్లు. దక్షిణ భారతంలో దొరికిన రోమన్ నాణేలు చాలావాటి మీద ఉలి గాట్లున్నాయి. ఇక్కడ చక్రవర్తి హుకుం చెల్లదు, లోహమే చెల్లుతుంది. మక్కాలోనూ అంతే. ఖురైష్ రోమన్, ఈరానీ నాణేలను తూకం వేసి తీసుకునేవారని బలాజురీ రాశాడు. దీనారియస్ నుంచి దీనార్, గ్రీకు ద్రాక్మ నుంచి దిర్హమ్, ఫోలిస్ నుంచి ఫులూస్ మన జబాన్‌లోకి వచ్చాయి. నాణెం అరిగిపోయినా పేరు నడుస్తూనే ఉంది.

ఇదంతా మనకెలా తెలిసింది? ఏ నాణెం ఎక్కడ దొరికిందో ఎవరో రాసిపెట్టారు కాబట్టి. అమాసియా రాగి బిళ్లకు బజార్‌లో పెద్ద ధర రాదు. అది దురాలో దొరికిందన్న ఒక్క ముక్కే దాన్ని ఒక ఫౌజ్ ప్రయాణానికి గవాహ్‌గా నిలబెట్టింది. అదే బిళ్లను దొంగచాటుగా తవ్వి, చేతులు మార్చి, ఆన్‌లైన్‌లో అమ్మితే గవాహీ పోతుంది, బిళ్ల మిగులుతుంది.

మన పొలాల్లో, పాత గోడల్లో ఇప్పటికీ నాణేలు బయటపడుతున్నాయి. 1878 నాటి దఫీనా చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టర్‌కు చెప్పాలి. భయపడి కరిగించేసేవాళ్లూ ఉన్నారు. కరిగిస్తే దొరికేది తులాల వెండి, పోయేది మన నేల తారీఖ్. ఇంట్లో దాదీ పెట్టెలోని హాలీ సిక్కాకైనా ఒక చీటీ జతచేయండి: ఎవరిది, ఏ ఊరు, ఎలా చేరింది. సిక్కా మనకు వారసత్వం. దాని జాడ మాత్రం తర్వాతివాళ్ల అమానత్.