ఆశీలు చీటీ - ముఠాదారు సన్నదు

ఆ మధ్య వరస సెలవులు కలిసొస్తే ఆఫీసు మిత్రులం నలుగురం అరకు వెళ్ళి, అక్కణ్ణుంచి పాడేరు మీదుగా పెదబయలు దాకా పోయాం. మేం వెళ్ళిన రోజు సంత. పసుపు, రాజ్‌మా, చింతపండు, అడ్డాకులు... కొండ మీంచి నెత్తిన మూటలతో దిగుతున్న ఆడవాళ్ళు. ఒకతను చిన్న పుస్తకంలోంచి చీటీలు చింపి ఇస్తూ డబ్బులు తీసుకుంటున్నాడు.

"వీడెవడ్రా, మామూళ్ళా?" అన్నాడు మా హైదరాబాదీ మిత్రుడు. కాదు బాబూ, దాన్ని ఆశీలు అంటారు, సంతలో సరుకు పెట్టుకున్నందుకు కట్టే రుసుము అని చెప్పా. వాడు ఊరుకోడు కదా! "సరే, వసూలు చేసే హక్కు ఇతనికి ఎవరిచ్చారు?" అన్నాడు. అప్పుడు నా దగ్గర సరైన జవాబు లేదు. తిరిగొచ్చాక చదవడం మొదలుపెడితే, ఆ కొండల చరిత్రంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగిందని అర్థమైంది.

ముందుగా ఒక మాట. ఈ ప్రాంతాన్ని "ఏజెన్సీ" అని ఎందుకంటారో ఎప్పుడైనా ఆలోచించారా? 1839లో ఈస్టిండియా కంపెనీ ఒక చట్టం చేసింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధిలోంచి తప్పించి, కలెక్టరుకి "గవర్నరు ఏజెంటు" అని పేరు పెట్టి అప్పగించింది. పన్నూ ఆయనే, పోలీసూ ఆయనే, కోర్టూ ఆయనే. ఆ ఏజెంటు పాలించేది కాబట్టి ఏజెన్సీ. పాలన మారి ఇన్నేళ్ళయినా మనం ఇంకా అదే పేరుతో పిలుస్తున్నాం!

కానీ ఏజెంటు గారు ఉండేది విశాఖపట్నంలో. కొండ మీద రూలు అమలు చేసేదెవరు? ఊళ్ళో నాయుడు, కబురు చేరవేసే బారికి ఎలాగూ ఉన్నారు. వాళ్ళ పైన కొన్ని ఊళ్ళు కలిపి ఒక ముఠా, దానికొక ముఠాదారు. అతను ఊళ్ళ నుంచి శిస్తు వసూలు చేసి, సర్కారుకి కట్టుబడి కింద ఒక చిన్న మొత్తం కట్టి, మిగిలింది తను ఉంచుకుంటాడు. శాంతిభద్రతలు చూడాలి, నేరం జరిగితే చెప్పాలి, నేరస్థుణ్ణి పట్టించాలి. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే మున్సిపల్ ఇన్‌స్పెక్టరు, వీఆర్వో, ఎస్సై ముగ్గురూ ఒకే మనిషి అన్నమాట.

ఈ ఏర్పాటు ఎలా గట్టిపడిందో చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. 1879 మార్చిలో, ఇక్కడికి దక్షిణంగా గోదావరి వైపున్న రంపలో ఫితూరీ లేచింది. కారణం ఢిల్లీ కాదు, లండనూ కాదు. ఇంటి అవసరానికి గీసుకునే కల్లు మీద కొత్త ఆబ్కారీ పన్ను, దాని మీద మన్సబుదారు దండుకున్న అదనపు పన్ను, పోలీసుల జులుం, మైదానం షావుకార్లు కోర్టు డిక్రీలు తెచ్చి ఆస్తులు పట్టుకుపోవడం. అన్నీ కళ్ళ ముందు కనిపించే చిన్న అధికార్లు చేసేవే. ఫితూరీని అణిచాక సర్కారు మన్సబుదారుని తీసేసి, ముఠాదార్లకి నేరుగా సన్నదులు ఇచ్చింది. సరిగ్గా నడుచుకోకపోతే పీకేసే హక్కు సర్కారుకి ఉంచుకుంది.

గమనించారా? ముఠాదార్ని తీసేసే హక్కు పైవాడికి ఉంది. కింద ఉన్న ఊళ్ళవాళ్ళకి లేదు.

మన భాషలో ఇది రూట్ పాస్‌వర్డ్ ఇచ్చి, లాగ్ మాత్రం పెట్టకపోవడం. పెట్టినా అది యూజర్లకి కనపడదు. అలాంటి సిస్టం ఎన్నాళ్ళు నిలుస్తుంది?

నలభై ఏళ్ళు నిలిచింది. గూడెంలో బాస్టియన్ అనే డిప్యూటీ తాసిల్దారు నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు రోడ్డు వేయిస్తూ గిరిజనుల చేత వెట్టి లాంటి కూలికి పని చేయించాడు. అడవి చట్టం వచ్చాక పోడుకి అప్పటికే అడ్డం పడింది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడింది. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. ఇదంతా మనకి సినిమాల్లో తెలుసు. సినిమాలో పెద్దగా కనపడని సంగతి ఇంకోటుంది. రాజు పక్కన నిలబడ్డ గాం గంటందొర ఎవరు? బట్టిపనుకుల ముఠాదారు! పదవి పోగొట్టుకున్నవాడు. అంటే నిన్నటిదాకా రూలు అమలు చేసిన మనిషే తిరుగుబాటుకి నాయకుడయ్యాడు. అతని తమ్ముడు గాం మల్లుదొర అండమాన్ జైలు చూసొచ్చి, 1952లో తొలి లోక్‌సభకి విశాఖపట్నం నుంచి ఎన్నికయ్యాడు.

దీన్నిబట్టి "అధికార్లంతా దుర్మార్గులు" అని తేల్చేస్తే పొరపాటే. అధికారి లేకపోతే చట్టం కాగితమే. కొండవాడి భూమి ఏజెంటు అనుమతి లేకుండా బయటివాడికి చెల్లదని 1917లోనే చట్టం చేశారు. స్వతంత్రం వచ్చాక 1959లో కొత్త రెగ్యులేషను, 1970లో దానికి సవరణ వచ్చాయి. అదే అందరూ "1/70" అనే చట్టం. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే ముందు అనుకోవాలి, కాదని అతనే రుజువు చేసుకోవాలి. ఎవరూ ఫిర్యాదు చెయ్యకపోయినా అధికారి తనంతట తానే కేసు మొదలుపెట్టొచ్చు. నిజాయితీ ఉన్నవాడి చేతిలో అది ఎంత పెద్ద ఆయుధమో! 1997 జూలైలో సమత కేసులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ఎక్కి, ఏజెన్సీ భూమిని గిరిజనేతరులకి లీజుకివ్వకూడదన్న నియమం సర్కారుకి కూడా వర్తిస్తుందని చెప్పింది.

ముఠాదారీని 1969 రెగ్యులేషనుతో రద్దు చేశారు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం మునసబు, కరణాల వంశపారంపర్యాన్ని తీసేసింది. 1985లో మండలాలొచ్చాయి. 2022 ఏప్రిల్ 4న పెదబయలు అల్లూరి సీతారామరాజు జిల్లాలో భాగమైంది. మన్సబుదారు పోయి ముఠాదారు, అతను పోయి వీఆర్వో. మనుషులు మారారు. మరి జవాబు చెప్పాల్సిన దిక్కు మారిందా?

కాగితం మీద మారింది. 1996 చివర్లో వచ్చిన పీసా చట్టం, ఏజెన్సీలో గ్రామసభకి, పంచాయతీకి కొన్ని అధికారాలివ్వాలంది. వడ్డీ వ్యాపారం మీద అదుపు, చిన్న అటవీ ఉత్పత్తుల మీద హక్కు, అన్నిటికీ మించి ఊరి సంత నిర్వహణ. మన రాష్ట్రంలో దీనికి రూల్సు వచ్చేసరికి 2011 అయింది. పద్నాలుగేళ్ళకి పైగా! మనం ఇంత లేటుగా రిలీజు చేస్తే క్లయింటు ఊరుకుంటాడా?

సంతలో మా మిత్రుడడిగిన ప్రశ్నకి నా జవాబు ఇప్పుడిది: ఆ చీటీ చింపే హక్కు చట్టం ప్రకారం ఆ ఊరిది. పసుపు అమ్ముకునే ఆ ఆడమనిషి గ్రామసభలో లేచి "ఈ ఆశీలు డబ్బు ఎటు పోయింది?" అని అడిగితే జవాబు చెప్పి తీరాలి. ఆమెకి ఆ సంగతి తెలిసిన రోజే ముఠాదారు సన్నదు నిజంగా రద్దయినట్టు.

మనం కూడా ఊళ్ళో చలానా కట్టి తిట్టుకుంటాం కానీ, వార్డు మీటింగుకి ఎప్పుడైనా వెళ్ళామా? నేనైతే వెళ్ళలేదు. మీరు?