విజయనగరం జిల్లాలో విద్యావిధానం - ఆర్థికాభివృద్ధి

ఒక ప్రాంతంలో విద్య విషయమై ప్రభుత్వాలు, సంస్థలు తీసుకున్న నిర్ణయాలు అక్కడి కొత్త ఆలోచనలకు, ఉత్పత్తికి, ఉపాధికి ఎంతవరకు తోడ్పడ్డాయన్నది అర్థశాస్త్రంలో ఒక ముఖ్యమైన ప్రశ్న. ఆంధ్రప్రదేశ్ ఉత్తర కోస్తాలోని విజయనగరం జిల్లా ఈ ప్రశ్నకు చక్కని ఉదాహరణ. తెలుగుదేశంలో ఆంగ్ల విద్య, ఉన్నత విద్య తొలినాళ్లలోనే అడుగుపెట్టిన పట్టణాలలో విజయనగరం ఒకటి. అయినను 2011 జనాభా లెక్కల ప్రకారం నేటి ఆంధ్రప్రదేశ్ పరిధిలోని నాటి 13 జిల్లాలలో అక్షరాస్యత అన్నింటికంటె తక్కువగా ఉన్నది ఈ జిల్లాలోనే. కళాశాల ముందుగా వచ్చి, పల్లె బడి చాలా ఆలస్యంగా రావడమే ఈ వైరుధ్యానికి మూలమని చెప్పవచ్చును.

== నేపథ్యం ==

విద్యపై చేసే ఖర్చును పెట్టుబడిగా చూడాలన్న భావనకు థియొడర్ షుల్ట్జ్, గారీ బెకర్ వంటి ఆర్థికవేత్తలు 1960 దశకంలో శాస్త్రీయ రూపం ఇచ్చారు. దీనిని మానవ మూలధన సిద్ధాంతం అంటారు. కొత్త ఆలోచనలే దీర్ఘకాలిక వృద్ధికి ఆధారమని 1990లో పాల్ రోమర్ వాదించాడు. ఇందుకు ఆయనకు 2018లో నోబెల్ బహుమతి లభించింది. భారతదేశంలో ఇదే భావాన్ని 1964-66 నాటి కొఠారీ కమిషన్ వ్యక్తం చేసింది. జాతీయాదాయంలో 6 శాతం విద్యకు కేటాయించాలన్న లక్ష్యం అప్పటినుండి 2020 జాతీయ విద్యావిధానం వరకు ప్రతి పత్రంలోనూ కనబడుతూనే ఉన్నది, కాని నెరవేరలేదు.

ఒక ఆలోచన పుట్టడానికి ఉన్నత విద్య కావాలి. అది పదిమందికి పనికిరావడానికి ఆ పదిమందికీ చదువు ఉండాలి. విజయనగరం చరిత్రలో మొదటిది దొరికినంత సులభంగా రెండవది దొరకలేదు.

== తొలి దశ: 1857 - 1919 ==

1854లో ఛార్లెస్ వుడ్ పంపిన విద్యా తాఖీదు భారతదేశంలో ఆధునిక విద్యావిధానానికి పునాది. అందులోని ముఖ్యాంశాలలో ఒకటి ప్రైవేటు వ్యక్తులు, సంస్థలు నడిపే పాఠశాలలకు ప్రభుత్వం గ్రాంటు రూపంలో సహాయం చేయడం. దీనికి అనుగుణంగానే 1857లో మద్రాసు, కలకత్తా, బొంబాయి విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి. అదే సంవత్సరం విజయనగరంలో మూడవ విజయరామ గజపతిరాజు ఒక ఆంగ్ల పాఠశాలను నెలకొల్పాడు. అది 1879లో కళాశాల అయినది. అదే నేటి మహారాజా కళాశాల. సంస్కృత విద్యకు 1860లో వేరుగా ఒక సంస్థ ఏర్పడినది. తరువాత వచ్చిన ఆనంద గజపతిరాజు పండితులను, కవులను, గాయకులను ఆదరించి పట్టణానికి విద్యానగరమన్న పేరు స్థిరపరిచాడు.

తాఖీదులోని మరొక ముఖ్యాంశం సామాన్య ప్రజలకు దేశభాషలలో ప్రాథమిక విద్య. సంస్థానం ఆదరణ పట్టణంలోని విద్యాసంస్థలకు దక్కినంతగా పల్లెలలోని బడులకు దక్కలేదు. భూమిశిస్తు పల్లె రైతు నుండి వచ్చేది, కళాశాల పట్టణంలో వెలిసేది. ఇది ఒక్క విజయనగరానికే పరిమితమైన దోషం కాదు. జమీందారీ ప్రాంతాలలో ఇంచుమించు ఇదే పరిస్థితి.

== బోధనా భాష: కళాశాల నుండి వచ్చిన నూతన భావన ==

ఈ కళాశాల చుట్టూ పుట్టిన నూతన ఆలోచనలలో అతి ముఖ్యమైనది యంత్రం కాదు, భాషకు సంబంధించినది. గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి విజయనగరం మహారాజా పాఠశాలలో సహాధ్యాయులు. గురజాడ అక్కడే 1886లో బి.ఏ. పూర్తిచేసి, ఆ సంస్థలోనే అధ్యాపకుడిగా పనిచేశాడు. ఆయన కన్యాశుల్కం నాటకం 1892లో విజయనగరంలో ప్రదర్శింపబడి, 1897లో అచ్చయినది. గిడుగు 1880లో పర్లాకిమిడి వెళ్లి అక్కడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరాడు.

వారి వాదనను సాహిత్య వివాదంగా మాత్రమే చదవడం అలవాటైనది గాని, నిజానికి అది విద్యావిధానానికి సంబంధించిన వాదన. ఆనాటి విద్యార్థి ఇంట్లో ఒక తెలుగు మాట్లాడి, బడిలో శతాబ్దాల నాటి వ్యాకరణానికి లోబడిన మరొక తెలుగు నేర్వవలసి వచ్చేది. భూగోళం గాని, గణితం గాని, ఆరోగ్య సూత్రాలు గాని తెలుసుకొనడానికి ముందు ఆ భాషను జయించాలి. ఉత్తర సర్కారు జిల్లాల పాఠశాలల పర్యవేక్షకుడుగా వచ్చిన జె.ఏ. యేట్స్ అనే ఆంగ్లేయుడికి ఈ అంతరం వింతగా తోచింది. జనం మాట్లాడే తెలుగుకు, పుస్తకాల తెలుగుకు ఇంత తేడా ఎందుకని ఆయన అడిగిన ప్రశ్న గిడుగును ఉద్యమంలోకి దింపినది. విశాఖపట్నంలోని ఎ.వి.ఎన్. కళాశాల ప్రధానాచార్యుడు పి.టి. శ్రీనివాస అయ్యంగారు కూడ వీరికి తోడయ్యాడు.

విషయం మద్రాసు విశ్వవిద్యాలయం వరకు వెళ్లింది. పరీక్షలలో విద్యార్థులు వ్యావహారిక భాషలో వ్రాయవచ్చునా అన్నది చర్చ. జయంతి రామయ్య పంతులు మొదలైన పండితులు తీవ్రంగా ప్రతిఘటించారు. గురజాడ 1914లో తన అసమ్మతి పత్రాన్ని సమర్పించాడు. అయినను అప్పటికి గ్రాంథికమే గెలిచినది. 1915 నవంబరులో గురజాడ మరణించాడు. గిడుగు 1919లో 'తెలుగు' అనే పత్రికను ప్రారంభించి వాదనను కొనసాగించాడు. పాఠ్యపుస్తకాలలో శిష్ట వ్యావహారికం స్థిరపడడానికి మరొక అర్ధశతాబ్దం పట్టినది. నేడు పదవ తరగతి విద్యార్థి సామాన్యశాస్త్రం పుస్తకాన్ని నిఘంటువు లేకుండా చదవగలుగుతున్నాడంటే దాని వెనుక ఈ వివాదం ఉన్నది. దీని ఆర్థిక విలువను ఎవరూ లెక్కకట్టలేదు, కట్టడం సాధ్యమూ కాదేమో. కాని చదువుకు అయ్యే శ్రమను తగ్గించిన ఏ మార్పు అయినా ఆ చదువుపై పెట్టిన పెట్టుబడికి ఫలితాన్ని పెంచినట్లే.

గిడుగు మరొక అడుగు ముందుకు వేశాడు. పర్లాకిమిడి పరిసరాల కొండలలో నివసించే సవరల భాష నేర్చుకొని, ఆ భాషలో వాచకాలు వ్రాసి, సవర పిల్లలకు సొంత ఖర్చుతో బడి నడిపాడు. ఆయన సవర భాషా వ్యాకరణం 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడ్డాయి. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినపుడు ఆయన రాజమండ్రికి తరలిపోయాడు.

== సంగీత కళాశాల ==

1919లో విజయరామ గజపతిరాజు విజయనగరంలో సంగీత కళాశాలను స్థాపించాడు. ఆదిభట్ల నారాయణదాసు దాని మొదటి ప్రధానాచార్యుడు. ద్వారం వెంకటస్వామి నాయుడు అదే సంవత్సరం వయొలిన్ ఆచార్యుడిగా చేరి, 1936లో ప్రధానాచార్యుడయ్యాడు. గాయకుడికి పక్కవాద్యంగా ఉన్న వయొలిన్‌ను కచేరీకి తానే ఆధారమైన వాద్యంగా నిలబెట్టిన ఘనత ఆయనది. ఘంటసాల వెంకటేశ్వరరావు ఈ కళాశాల విద్యార్థి. తెలుగు చలనచిత్ర పరిశ్రమకు ఈ చిన్న పట్టణం నుండి అందిన నైపుణ్యాన్ని గురించి వేరుగా చెప్పనవసరం లేదు.

అయితే జిల్లాలోని బొబ్బిలి వద్దనున్న గొల్లపల్లిలో పనస చెక్కతో వీణలు తయారుచేసే కళాకారుల నైపుణ్యం ప్రధానంగా తండ్రి నుండి కొడుకుకు, ఇంటి వసారాలో సంక్రమించినది. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు లభించినను, వాద్య నిర్మాణం డిగ్రీ స్థాయి చదువుగా రూపొందలేదు. వాయించడం విద్యగాను, తయారుచేయడం కులవృత్తిగాను చూసే అలవాటు మన విద్యావిధానంలో లోతుగా పాతుకొని ఉన్నది.

== స్వాతంత్ర్యానంతరం ==

1958లో పి.వి.జి. రాజు తన తండ్రి అలక్ నారాయణ గజపతిరాజు పేరిట మాన్సాస్ ట్రస్టును స్థాపించి, విజయనగరం కోటను, విస్తారమైన భూములను విద్యకు అప్పగించాడు. ఆయన రాష్ట్ర మంత్రిగా కూడ పనిచేశాడు. 1962లో కోరుకొండలో సైనిక పాఠశాల ప్రారంభమైనది. దానికి కూడ సంస్థానపు భవనమే ఆధారం.

జిల్లా మాత్రం 1979 జూన్ 1న శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాలనుండి కొంత కొంత భాగం తీసి ఏర్పరచబడినది. అప్పటికి పరిశ్రమలంటే నెల్లిమర్ల, విజయనగరం పరిసరాల జనపనార మిల్లులు, గరివిడి వద్ద ఫెర్రో మిశ్రమ లోహాల కర్మాగారం, చక్కెర మిల్లులు. వీటిలో అధిక భాగం చదువు అంతగా అవసరం లేని కూలిపనులే. జనపనార మిల్లులు తరచు మూతపడి, తెరుచుకొని, మళ్లీ మూతపడడం వలన ఆ కొద్దిపాటి ఉపాధి కూడ నిలకడగా లేకపోయినది.

== పాఠశాల విద్య ==

స్త్రీల అక్షరాస్యత జాతీయ సగటుకంటె తక్కువగా ఉన్న జిల్లాలలో కేంద్రప్రభుత్వం విదేశీ సాయంతో జిల్లా ప్రాథమిక విద్యా పథకాన్ని చేపట్టినది. 1996లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీనికి మొదటగా ఎంపికైన ఐదు జిల్లాలు విజయనగరం, నెల్లూరు, కర్నూలు, కరీంనగర్, వరంగల్. కొత్త గదులు, అదనపు ఉపాధ్యాయులు, మండల స్థాయిలో ఉపాధ్యాయుల శిక్షణ ఈ పథకంలోని అంశాలు. దీని తరువాత 2001లో సర్వశిక్షా అభియాన్, 2010 ఏప్రిల్ 1 నుండి విద్యాహక్కు చట్టం అమలులోనికి వచ్చాయి.

ఫలితం కనబడినది గాని, వెనుకబాటు తీరలేదు. జిల్లా అక్షరాస్యత 2001లో 51.07 శాతం, 2011లో 58.89 శాతం. అదే 2011లో ఉమ్మడి రాష్ట్ర సగటు 67.02 శాతం, పశ్చిమ గోదావరి జిల్లాలో 74.63 శాతం. విజయనగరం జిల్లా స్త్రీలలో చదవను వ్రాయను వచ్చినవారు 2011లో సుమారు సగం మంది మాత్రమే.

ఈ అంకెలను చదివేటపుడు ఒక జాగ్రత్త అవసరం. ఏడు సంవత్సరాలు దాటిన వారందరినీ అక్షరాస్యత గణనలో చేరుస్తారు కాబట్టి, 1960, 70 దశకాలలో బడికి పోని పిల్లలు 2011 లెక్కలలో కూడ నిరక్షరాస్యులుగానే కనిపిస్తారు. అనగా ఒక తరంలో చేయని ఖర్చు రెండు తరాల వరకు జిల్లా లెక్కలో మిగిలిపోతుంది. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా విడిపోవడం, రాజాం వంటి ప్రాంతాలు వచ్చి చేరడం వలన 2011 అంకెలను నేటి జిల్లాకు నేరుగా అన్వయించరాదు.

== సాంకేతిక విద్య, వలస ==

1990 దశకం చివర ఇంజనీరింగు విద్యలో ప్రైవేటు సంస్థలకు విస్తృతంగా అనుమతులు లభించాయి. 1997లో మాన్సాస్ ఆధ్వర్యంలో చింతలవలస వద్ద ఎం.వి.జి.ఆర్. కళాశాల, రాజాంలో జి.ఎం.ఆర్. సాంకేతిక విద్యాసంస్థ ప్రారంభమైనాయి. 2007లో ప్రభుత్వం జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాలను విజయనగరంలో నెలకొల్పినది. అది 2022లో గురజాడ పేరున ప్రత్యేక విశ్వవిద్యాలయం అయినది. భాషకోసం వాదించిన వ్యక్తి పేరు సాంకేతిక విశ్వవిద్యాలయానికి పెట్టడం కొందరికి విచిత్రంగా తోచినను, పైన చెప్పిన కారణం వలన అది సముచితమే అనవచ్చును.

2000 దశకం చివర వచ్చిన బోధనా రుసుముల చెల్లింపు పథకం వలన చిన్న రైతుల, కూలీల పిల్లలు సైతం ఇంజనీరింగులో చేరగలిగారు. ఉత్తరాంధ్రలో ఇది చిన్న విషయం కాదు. కాని సీట్లు పెరిగినంత వేగంగా జిల్లాలో పరిశ్రమలు పెరగలేదు. పట్టభద్రుడు విశాఖపట్నం, హైదరాబాదు, బెంగుళూరులకు, అక్కడనుండి విదేశాలకు వెళ్తాడు. చదువుకోని వాడు భవన నిర్మాణపు పనులకు దూరప్రాంతాలకు, తీర గ్రామాలవాడు గుజరాత్‌లోని వెరావల్ రేవులో చేపల పడవలపైకి వెళ్తాడు. 2018లో పాకిస్తాన్ నిర్బంధంలో చిక్కుకొని 2020 జనవరిలో విడుదలైన మత్స్యకారులు ఉత్తరాంధ్రవారే. ఇద్దరిదీ వలసే. మొదటివాడి చదువుకు ఈ ప్రాంతం ఖర్చు భరించినది, అతని నైపుణ్యపు ఫలితం వేరొక నగరానికి అందినది. అతడు ఇంటికి పంపే డబ్బు తమ్ముడి చదువుకో, ఇంటి కట్టుబడికో ఉపయోగపడుతుంది గాని కొత్త పరిశ్రమగా మారడం అరుదు.

విద్యకు, పరిశ్రమకు వంతెన వేయడానికి దేశమంతటా 2016 నుండి పాఠశాలలలో అటల్ టింకరింగ్ ప్రయోగశాలలు ఏర్పాటవుతున్నాయి. 2025 ఆగస్టులో మంగళగిరిలో ప్రారంభమైన రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్‌కు రాష్ట్రంలో ఐదు ప్రాంతీయ కేంద్రాలను నిర్ణయించారు. ఉత్తరాంధ్రకు దక్కినది విశాఖపట్నం. విజయనగరం దానికి సుమారు 60 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నను, బొబ్బిలి, సాలూరు, కురుపాం వంటి చోట్ల చదివే విద్యార్థికి ఆ దూరం అంత చిన్నది కాదు.

== గిరిజన విద్య ==

2003-04లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక బోధన ప్రారంభించినది. వాటిలో సవర, కువి, కొండ భాషలు ఉత్తరాంధ్ర కొండలలో వినబడేవే. మొదట తల్లిభాషలో అక్షరాలు నేర్పి, క్రమంగా తెలుగులోకి, ఆపై ఆంగ్లంలోకి తీసుకుపోవడం దీని పద్ధతి. గిడుగు ఒంటరిగా చేసిన ప్రయోగం శతాబ్దం తరువాత ప్రభుత్వ విధానం అయినదన్న మాట. 2019 నవంబరులో ప్రభుత్వ పాఠశాలలన్నింటిలో ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టే ఉత్తర్వు వెలువడగా, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దానిని కొట్టివేసినది. ఆ వాదోపవాదాలలో తెలుగు, ఆంగ్లం గురించి చాలామంది మాట్లాడారు గాని, ఇంట్లో ఆ రెండూ మాట్లాడని పిల్లల ఊసు అంతగా వినరాలేదు.

2014 రాష్ట్ర విభజన చట్టంలోని హామీ మేరకు పార్లమెంటు 2019లో ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయాన్ని ఏర్పరచినది. విజయనగరం వద్ద కొండకరకాంలోని తాత్కాలిక భవనాలలో తరగతులు మొదలైనాయి. శాశ్వత ప్రాంగణానికి మెంటాడ, దత్తిరాజేరు మండలాల పరిధిలో 2023 ఆగస్టు 25న శంకుస్థాపన జరిగినది. గిరిజన పిల్లలకు వారి భాషలో చదువు చెప్పగల ఉపాధ్యాయులు ఈ విశ్వవిద్యాలయం నుండి ఎందరు బయటకు వస్తారన్నది, దానిలోని భవనాల సంఖ్యకంటె ముఖ్యమైన లెక్క.