స్లర్రీ ఐసొలేషన్ వాల్వు
ఖనిజపు పొడిని నీళ్లలో కలిపి పంపే గొట్టాన్ని మరమ్మతు కోసం పూర్తిగా మూసే సాధనం ఇది. బైలదిల్లా గనుల దగ్గరి కిరందుల్ నుంచి విశాఖ దాకా 267 కిలోమీటర్ల ఇనుప ఖనిజపు గొట్టంలో పారేది ఇలాంటి స్లర్రీయే. మామూలు గేట్ వాల్వు దీనికి పనికిరాదు. అడుగు గాడిలో ఖనిజం పేరుకుని గేటు చివరిదాకా దిగదు. తక్కువ పీడనంలో రెండు రబ్బరు స్లీవుల నైఫ్ గేట్ వాల్వే మేలు. అది తెరుచుకున్నప్పుడు స్లీవులు ఒకదానికొకటి ఒత్తుకుని, లోహానికి రాపిడి తగలనివ్వవు. గేటు కదిలేటప్పుడు కొంత స్లర్రీ బయటికి చిమ్ముతుందన్న అభ్యంతరం నిజమే. కానీ ఆ చిమ్మడం వల్లే లోపల ఖనిజం పేరుకోదు. కింద కాలువ కడితే చాలు.

పంపు స్టేషన్ల అధిక పీడనానికి మాత్రం రబ్బరు ఆగదు. అక్కడ టంగ్‌స్టన్ కార్బైడ్ పూత పూసిన, లోహపు సీటున్న బాల్ వాల్వు కావాలి. ఖరీదెక్కువన్నది ఒప్పుకోవలసిందే, అయితే లైను ఆగితే పోయే ఉత్పత్తినీ లెక్కలో వేయాలి. ప్రవాహం తగ్గించడానికి సగం తెరిచి ఉంచితే ఎంత గట్టి వాల్వైనా త్వరగా అరిగిపోతుంది.