కాళ్లు చాపుకుని చూసిన సినిమా

పోయిన నెల ఇంట్లోకి ఒక చిన్న పరికరం కొన్నాను. అగ్గిపెట్టె కన్నా కాస్త పొడుగు, అంతే. టీవీ వెనక గుచ్చి, వైఫై పాస్‌వర్డ్ కొడితే తెర నిండా సినిమాలు. కొన్ని నెల చందాలో వస్తాయి. కొన్నింటికి విడిగా అద్దె కట్టాలి. అద్దె కట్టిన సినిమాను ముప్పై రోజుల్లోపు మొదలుపెట్టాలి, మొదలుపెట్టాక 48 గంటల్లో చూసెయ్యాలి. గడువు దాటితే మళ్లీ అద్దె కట్టాల్సిందే.

మొదటి రాత్రి అమ్మని పిలిచి కూర్చోబెట్టాను. సోఫాలో కూడా కాళ్లు దగ్గరికి ముడుచుకుని, ఒక మూలకి ఒదిగి కూర్చుంది. "కాళ్లు చాపుకో అమ్మా, ఎవరున్నారిక్కడ?" అన్నాను. "సినిమాకి ఎప్పుడూ ఇట్టాగే గదరా కూర్చుంది" అంది. తను మామూలుగానే అంది. నాకు మాత్రం ఆ రాత్రి సినిమా ఎక్కలేదు. ఈ వారం వ్యాసం ఆ కాళ్ల గురించే.

మిత్రులారా, సినిమా హాలు మన చరిత్రలో చిన్న విషయం కాదు. గుడిలోకి రానివ్వని, హోటల్లో వేరే గ్లాసు పెట్టిన, బావి దగ్గర దూరంగా నిలబెట్టిన సమాజంలో సినిమా హాలు ఒక వింత. తమిళుల గురించి రాస్తూ కా. శివత్తంబి ఈ మాట ఎప్పుడో చెప్పాడు. అన్ని కులాలూ ఒకే కప్పు కింద కూర్చున్న మొదటి ప్రదర్శనశాల సినిమా హాలేననీ, అక్కడ చోటు పుట్టుకను బట్టి కాక టికెట్టు డబ్బును బట్టి దొరికిందనీ ఆయన వాదన. మన దగ్గరా అంతే. నేల, బెంచి, కుర్చీ. నేల టికెట్టు కొన్నవాడు నేల మీద, కుర్చీ టికెట్టు కొన్నవాడు కుర్చీలో. లెక్క ప్రకారం అంతే. కానీ డబ్బులెవరి దగ్గర ఉన్నాయి? కూలి డబ్బుల్లో మిగిలేది నేల టికెట్టుకే. అలా కులం గేటు దగ్గర ఆగిపోయినట్టు కనిపించి, టికెట్టు కిటికీలోంచి లోపలికొచ్చింది.

1938లో గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీశాడు. కథ చలానిది. అంటరానితనం తప్పని తెర మీద చెప్పారు. బాగుంది. మరి తెర ముందు సంగతి?

53 ఏళ్ల తర్వాత, 1991 జులైలో, చుండూరు గొడవ మొదలైంది సినిమా హాల్లోనే. చదువుకున్న ఒక దళిత యువకుడి కాలు ముందు సీట్లో కూర్చున్న పెత్తందారీ కులం కుర్రాడికి తగిలింది. అంతే సంగతి. చీకట్లో, ఇరుకు సీట్ల మధ్య ఎవరి కాలు ఎవరికి తగలదు? కానీ అది 'మాలోడి కాలు' అయింది. కొట్టడంతో ఆగలేదు, ఊరు వాడని వెలివేసింది. ఆగస్టు 6న మనవాళ్లని పొలాల వెంట తరిమి నరికారు. ఎనిమిది మందిని చంపి, శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. ఆ అమరులను పూడ్చిన చోటే ఇవాళ్టి రక్తక్షేత్రం. 2007లో చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది.

చుండూరు గురించి చాలా రాశాం, చాలా పాడాం. కాని మొదటి సంఘటన దగ్గర ఇంకొంచెం ఆగాలి. అది భూమి తగాదా కాదు, కూలి తగాదా కాదు. టికెట్టు కొని, పక్కవాడితో సమానంగా కూర్చుని, కాలు కాస్త చాపిన మనిషి మీద పుట్టిన కోపం. మా అమ్మ ముడుచుకున్న కాళ్లకి అర్థం అక్కడుంది. ఆమె చుండూరు మనిషి కాదు. అయినా ఆ కబురు గుంటూరు జిల్లాలో ప్రతి వాడకీ చేరింది. సినిమాకి పోయే ప్రతి పిల్లాడికీ తల్లి చెప్పి పంపింది: కాళ్లు దగ్గర పెట్టుకో.

ఇక ఇంటి సినిమా సంగతి. సోనీ బీటామాక్స్ 1975లో, జేవీసీ వాళ్ల వీహెచ్ఎస్ 1976లో వచ్చాయి. 1982 ఢిల్లీ ఆసియా క్రీడలతో మన దేశంలో రంగుల టీవీ మొదలైంది. వెనకే వీడియో క్యాసెట్లు పట్నాలకీ, తర్వాత పల్లెలకీ పాకాయి. వాటి నకళ్లు ఎంత పెరిగాయంటే, 1984లో కాపీరైట్ చట్టాన్ని సవరించి వీడియోని అందులో చేర్చాల్సి వచ్చింది.

మా ఊళ్లో మొదట టీవీ ఉన్నది పెద్దిళ్లలోనే. మావాళ్లు అరుగు కింద, వీధిలో నిలబడి కిటికీలోంచి చూసేవాళ్లట. నాకు ఊహ తెలిసేనాటికి వాడ సొంత దారి వెతుక్కుంది. ఇంటికింత చందా వేసుకుని, పక్క టౌన్లో టీవీ, వీసీపీ, మూడు క్యాసెట్లు ఒక రాత్రికి అద్దెకి తెచ్చేవాళ్లు. చర్చి ముందు బల్ల వేసి పెట్టేవాళ్లు. క్రిస్మస్‌కి 'కరుణామయుడు' తప్పనిసరి. 1978లో విజయచందర్ క్రీస్తుగా వచ్చిన సినిమా అది. మేకులు కొట్టే సీనులో ముసలమ్మలు గట్టిగా ఏడ్చేవాళ్లు. ఏప్రిల్ 14కి కూడా వీడియో తెచ్చేవాళ్లు. చాపల మీద పడుకుని, కాళ్లు బార్లా చాపుకుని, తెల్లారేదాకా చూశాం. మా కాళ్లు తగిలేది మా కాళ్లకే. అద్దె సామాన్లతో వాడ కట్టుకున్న ఆ ఒక్క రాత్రి హాలుని ఏ సినిమా చరిత్రలోనూ రాయలేదు.

అమెరికాలో ఈ కథ ఇంకో దారిన నడిచింది. 1997లో పుట్టిన నెట్‌ఫ్లిక్స్ పోస్టులో డీవీడీలు అద్దెకి పంపేది. 2007లో ఇంటర్నెట్ ద్వారా చూపించడం మొదలుపెట్టింది. 2008లో రోకు పెట్టె, 2013లో క్రోమ్‌కాస్ట్, 2014లో ఫైర్ టీవీ స్టిక్ వచ్చాయి. నెట్‌ఫ్లిక్స్ 2016 జనవరిలో మన దేశానికి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయింది. అలా ఆ చిన్న పరికరం మా ఇంటి దాకా వచ్చింది.

దాంట్లో ఒక మంచి ఉంది, ఒప్పుకోవాలి. సినిమా అద్దెకివ్వడానికి అది నా కులం అడగలేదు. ఇదే ఊళ్లో ఇల్లు అద్దెకివ్వడానికి నాలుగు చోట్ల అడిగారు. ఒకాయన ఇంటిపేరు అడిగి, ఊరు అడిగి, చివరికి "మీరు మాంసం తింటారు కదా, మాస్టారూ" అని తలుపేశాడు. సినిమా అద్దె క్షణంలో దొరికింది, ఇంటి అద్దెకి మూడు నెలలు తిరిగాను. టెక్నాలజీ కులాన్ని చెరిపేస్తుందనేవాళ్లు ఈ రెండు అద్దెల్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. పరికరం పెట్టుకోవాలంటే ముందు గోడ కావాలి కదా!

ఇంకో మంచి: 2021 నవంబరులో 'జై భీమ్' హాళ్ల జోలికి పోకుండా నేరుగా ఇళ్లకొచ్చింది. లాయరుగా ఉన్నప్పుడు జస్టిస్ కె. చంద్రు వాదించిన 1993 నాటి కేసు దాని ఆధారం. 'ఫాండ్రీ', 'పరియేరుమ్ పెరుమాళ్' లాంటి సినిమాలు మా టౌన్ హాళ్లలో నేనెప్పుడూ చూడలేదు. ఇప్పుడు నా విద్యార్థులు వాటి గురించి మాట్లాడుతున్నారు.

కానీ పోయింది కూడా ఉంది. హాల్లో మనం చూసింది సినిమా ఒక్కటే కాదు. అందరి మధ్యా కూర్చునే హక్కుని పరీక్షించాం. చుండూరు యువకుడి కాలు చేసింది అదే. ఇంట్లో ఒంటరిగా చూస్తే ఎవరి కాలూ ఎవరికీ తగలదు. గొడవ లేదు, నిజమే. ఎవరూ మారాల్సిన అవసరమూ లేదు. ఊరు ఊరి ఇళ్లలో, వాడ వాడ ఇళ్లలో, ఎవరి తెర వాళ్లది. అంబేడ్కర్ మహాడ్ చెరువు దగ్గరికి నీళ్ల కోసమే పోలేదు, అందరి చెరువులో సమానంగా దిగడానికి పోయాడు. ఇంటికి కొళాయి వచ్చినంత మాత్రాన చెరువు ప్రశ్న తీరదు.

వాడ హాలు కూడా పోతోంది. నేను అద్దెకి తీసుకున్న సినిమా నా ఇంటికే, పదిమందికి ప్రదర్శించకూడదని షరతుల్లో రాసుంది. అందుకని విద్యార్థులకు రెండు పనులు చెబుతున్నా. ఒకటి, దర్శకులకు ఉత్తరం రాసి అనుమతి అడిగి, హాస్టల్లో, కమ్యూనిటీ హాల్లో సినిమా వేయండి. తర్వాత కూర్చుని మాట్లాడండి. రెండు, మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి: మొదటి సినిమా ఎక్కడ చూశారు, ఏ టికెట్టు, ఎలా కూర్చున్నారు? వాళ్ల మాటల్లోనే రాసి పంపండి. ఈ చరిత్రకి వేరే ఆధారాలు లేవు, వాళ్లే ఆధారం.

నిన్న రాత్రి మళ్లీ సినిమా పెట్టాను. సగంలో చూస్తే అమ్మ నిద్రపోయింది. నిద్రలో కాళ్లు చాపుకుంది. కదపలేదు, సౌండు తగ్గించాను.

జై భీమ్.