వృద్ధుల్లో ఫ్లూ టీకా సామర్థ్యం: అధ్యయన పద్ధతులు

అరవై దాటినవారిని ఫ్లూ టీకా జబ్బు పడకుండా, ఆసుపత్రి పాలు కాకుండా, చనిపోకుండా ఎంతమేరకు కాపాడుతుందో తేల్చే పరిశోధనలివి. వయసు పైబడేకొద్దీ టీకాకు శరీరం స్పందించే తీరు మందగిస్తుంది కాబట్టి పడుచువాళ్ల లెక్క వీరికి చెల్లదు.

పాత కొలమానం రక్తపరీక్ష. ప్లాస్టిక్ పళ్లెంలోని చిన్న గుంటల్లో సీరమ్‌ను రెట్టింపు చొప్పున పలచన చేస్తూ వైరస్‌నూ ఎర్ర రక్తకణాలనూ కలుపుతారు. యాంటీబాడీలుంటే కణాలు గుంట అడుగుకు దిగి ఎర్రటి గుండీలా కనిపిస్తాయి. లేకపోతే వైరస్ వాటిని పెనవేసి పలచని పొరలా పరుస్తుంది. 40 రెట్లు పలచన చేసినా గుండీ కడితే రక్షణ ఉన్నట్టు భావించడం ఆనవాయితీ. వృద్ధుల విషయంలో ఈ గీటురాయిని అంతగా నమ్మలేం.

అందుకే జబ్బునే లెక్కించాలి. నెదర్లాండ్స్‌లో 1991-92లో 60 ఏళ్లు నిండిన 1,838 మందిని చీటీలు వేసినట్టు రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి టీకా, మరో వర్గానికి మందు లేని ఉత్తుత్తి సూది వేశారు. రక్తపరీక్షలో ఫ్లూ సోకినట్టు తేలినవారు టీకా వర్గంలో సుమారు 4 శాతం, రెండోదాంట్లో 9 శాతం. వృద్ధుల్లో ఇలాంటి ప్రయోగాలు అరుదు. వేయమని సిఫార్సు చేసిన టీకాను సగం మందికి ఎగ్గొట్టడం ధర్మమా అన్న ప్రశ్న అడ్డొస్తుంది. దాంతో టీకాకూ టీకాకూ పోటీ పెట్టారు. అమెరికా, కెనడాల్లో 65 దాటిన దాదాపు 32,000 మందిపై 2011-13లో జరిగిన ప్రయోగంలో నాలుగింతల మోతాదు టీకా మామూలుదానికంటే 24 శాతం మెరుగని తేలింది. వినడానికి పెద్ద సంఖ్యే. ఫ్లూ సోకినవారు మాత్రం 1.9 శాతం నుంచి 1.4 శాతానికి తగ్గారు.

ప్రయోగం లేకుండా, టీకా వేయించుకున్నవారినీ వేయించుకోనివారినీ పోల్చడం తేలిక. మోసపోవడమూ అంతే తేలిక. బస్తర్‌లోని ఆవపల్లిలో టీకా శిబిరం పెట్టారనుకుందాం. సంతకు నడిచి రాగల తాత సూది వేయించుకుంటాడు, మంచం దిగలేని అవ్వ ఇంట్లోనే ఉండిపోతుంది. ఏడాది తిరిగాక తాత బతికుంటే ఆ ఘనత టీకాదా, కాళ్లదా? సియాటిల్ ప్రాంతంలో 72,000 మందికి పైగా వృద్ధుల రికార్డులు తిరగేసి 2006లో ప్రచురించిన పరిశీలన ఈ దొంగను పట్టుకుంది. ఫ్లూ ఇంకా మొదలే కాని రోజుల్లోనూ టీకా వేయించుకున్నవారికి మరణం ముప్పు 61 శాతం తక్కువగా కనిపించింది. రాని జబ్బు నుంచి ఏ టీకా కాపాడుతుంది?

ఈ చిక్కు తగ్గించడానికి ఇప్పుడు ఎక్కువగా వాడే పద్ధతి వేరు. దగ్గు, జ్వరంతో ఆసుపత్రికి వచ్చిన అందరి ముక్కులోంచీ నమూనా తీసి, అందులో ఫ్లూ వైరస్ ఉందో లేదో చెప్పే ఆర్‌టీ-పీసీఆర్ పరీక్ష చేస్తారు. ఫ్లూ తేలినవారిలో ఎందరు టీకా వేయించుకున్నారు, తేలనివారిలో ఎందరు అన్నది పోలుస్తారు. రెండు వర్గాలవారూ ఆసుపత్రి గడప తొక్కినవారే కదా.

దీనికైనా టీకా వేయించుకున్నవారు తగినంతమంది ఉండాలి. భారత సార్వత్రిక టీకా కార్యక్రమంలో వృద్ధులకు ఫ్లూ టీకా లేదు, సొంతంగా కొని వేయించుకునేవారు తక్కువ. 2018-20లో బల్లభ్‌గఢ్, పుణె, చెన్నై, కోల్‌కతాల్లో 60 పైబడినవారిని వెంట ఉండి గమనించిన అధ్యయనం కూడా కొలిచింది జబ్బు భారాన్నే. పైగా దేశంలో చాలాచోట్ల ఫ్లూ వానాకాలంలో, శ్రీనగర్‌లో చలికాలంలో పెరుగుతుంది. టీకా ఏ నెలలో వేయాలి, ఏ నెలల జ్వరాలను లెక్కలోకి తీసుకోవాలి అన్నది ఏ ప్రాంతానికా ప్రాంతం తేల్చుకోవాల్సిందే.