మదనపల్లె సీమలో ‘ఇఫ్’ పాఠం

1863లో అమెరికన్ ఆర్కాట్ మిషన్ తరఫున జేకబ్ ఛాంబర్లిన్ మదనపల్లెలో మకాం పెట్టినప్పుడు, వ్యాకరణంతో కుస్తీ పట్టాల్సింది ఆయనే. దొరల కోసం రాసిన తెలుగు వ్యాకరణాలు అప్పటికే ఉన్నాయి. ఎ.డి. కాంప్‌బెల్‌ది 1816లో, కడపలో ఉద్యోగం చేస్తూ తెలుగు మీద మనసు పడ్డ సి.పి. బ్రౌన్‌ది 1840లో అచ్చయ్యాయి. ఛాంబర్లిన్‌కు తెలుగు ఎంతగా పట్టుబడిందంటే, తెలుగు బైబిలు సవరణ సంఘానికి ఆయనే అధ్యక్షుడయ్యాడు.

యాభై ఏళ్లు తిరిగేసరికి వంతు ఊరివాళ్లకు వచ్చింది. 1915లో అనిబిసెంట్ మదనపల్లెలో కళాశాల పెట్టారు. అందులో పాఠాలు చెప్పినవారిలో ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్ ఒకడు. 1919 ఫిబ్రవరిలో అక్కడికి వచ్చిన రవీంద్రనాథ్ ఠాగూర్ ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి తెచ్చింది ఈ కళాశాలలోనే. అంటే ఇక్కడి విద్యార్థులకు ఇంగ్లీషు కవుల నోట వినే భాగ్యం దక్కింది.

ఆ భాగ్యం పుంగనూరు జమీ బళ్లకూ, కంగుంది జమీలోని కుప్పానికీ ఎక్కడిది? దక్షిణాదిలో చాలా బళ్లకు దిక్కు పుస్తకమే. మొదట నెస్‌ఫీల్డ్ గ్రామరు, 1935 తర్వాత రెన్ అండ్ మార్టిన్. వీరిలో పి.సి. రెన్ ‘బో జెస్ట్’ నవల రాసిన మనిషే. రెన్ అండ్ మార్టిన్ గ్రామరును సవరించి కొత్త తరాలకు అందించినది ఎన్.డి.వి. ప్రసాదరావు. పాత పుస్తకాల్లో ‘ఇఫ్’ వాక్యం ‘సబ్‌జంక్టివ్ మూడ్’ అనే లాటిన్ వాసన గదిలో ఉండేది. ఫస్ట్, సెకండ్, థర్డ్ కండిషనల్ అని అంకెలు వేయడం తర్వాతి కాలపు అలవాటు.

ఆ మూడింటినీ మదనపల్లె టమాటా మార్కెట్‌లో పెట్టి చూడవచ్చు. “రేటు బాగుంటే అప్పు కడతాను” అని రైతు అంటే ఇంకా ఆశ ఉందన్నమాట. “రేటు బాగుంటే అప్పు కట్టేవాణ్ణి” అంటే రేటు లేదని తెలిసే అంటున్నాడు. “మొన్న రేటు వచ్చి ఉంటే అప్పు తీరిపోయేది” అంటే చేయి దాటిపోయింది. మొదటి రెండింట్లో ‘బాగుంటే’ అక్షరం మారలేదు. భారమంతా చివరి క్రియదే. ఇంగ్లీషు మాత్రం షరతునే మార్చేస్తుంది: “ఇఫ్ ద ప్రైస్ ఈజ్ గుడ్, ఐ విల్ పే” కాస్తా “ఇఫ్ ద ప్రైస్ వర్ గుడ్, ఐ వుడ్ పే” అవుతుంది. ఇవాళ్టి సంగతికి నిన్నటి క్రియ ఎందుకన్నదే చిక్కు.

చూడ్డానికి పొడుగ్గా ఉండి భయపెట్టే మూడో రకం నిజానికి మనకు దగ్గరి చుట్టం. మూడు రాష్ట్రాలు కలిసే కుప్పంలో ఇది ఇంకా తేటగా తెలుస్తుంది. తెలుగులో ‘వచ్చి ఉంటే’, తమిళంలో ‘వందిరుందాల్’, కన్నడంలో ‘బందిద్దరె’: మూడింటి కట్టూ ఒకటే, రావడం మీద ఉండడం, దాని మీద షరతు. ‘హాడ్ కమ్’ అనే జోడీని దీని పక్కన పెడితే పిల్లలకు సగం పని తగ్గుతుంది. ద్రావిడ భాషల అధ్యయనం కోసం 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వెలసింది కూడా ఈ ఊళ్లోనే.

సూత్రాలు వల్లిస్తే భాష వస్తుందా అన్న అనుమానం పెద్దలకూ కలిగింది. ఇంగ్లీషు ఉపాధ్యాయుల శిక్షణకు 1958లో హైదరాబాద్‌లో కేంద్ర సంస్థ ఏర్పడింది. 1979 నుంచి ఐదేళ్లపాటు ఎన్.ఎస్. ప్రభు ‘బెంగళూరు ప్రాజెక్టు’ నడిపి, వ్యాకరణ పాఠం పక్కనపెట్టి, రైళ్ల టైంటేబుళ్లు, మ్యాపులు ఇచ్చి పిల్లలచేత లెక్కలు తేల్పించారు. ఈ బండి తప్పితే ఏ బండి అందుతుంది అని ఆలోచిస్తుంటే భాష దానంతటదే పట్టుబడుతుందని ఆయన వాదన.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బళ్లలో ఇప్పుడు ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు ఉన్న పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ‘ఎక్స్ విలువ 2 అయితే’ అన్న లెక్కకు ఎదురుగా ‘ఇఫ్’ కనిపిస్తుంది. అయితే లెక్కలో ఉండేది నిజమనుకున్న షరతు మాత్రమే. ‘వర్’, ‘వుడ్’ల జంట కోసం పిల్లలు ఇంగ్లీషు పీరియడు దాకా ఆగాల్సిందే.